నేను వినని ఉరుము

ఫిల్మ్‌నగర్‌లో మా డాబా మీద ఆ సాయంత్రం ఒక్క చినుకైనా పడలేదు. బోరబండ వైపు మాత్రం ఆకాశం నల్లబడింది. నేను సినిమాలకు సౌండ్ ఎఫెక్ట్స్ చేసేవాణ్ణి. సౌండ్ లైబ్రరీలో దొరికే పరాయి ఉరుములంటే నాకు చిరాకు. మన బండల మీద దొర్లే ఉరుమే వేరు! దాన్ని పట్టుకుందామని మైకు పెట్టి నిలబడ్డాను.

ఉరిమినప్పుడల్లా మెట్లగదిలోంచి మా ఆవిడ కామేశ్వరి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలుపెట్టేది. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను ఒళ్లో దాచుకుని తలచిన పేర్లే. అయినా ప్రతి టేకూ పాడవుతుంటే ఒళ్లు మండదా?

"సైలెన్స్!" అని షూటింగులోలా అరిచాను.

"మీ సైలెన్స్ తగలెయ్య! వాన రాకముందే పడతాయండీ పిడుగులు. లోపలికి రండి!"

తర్వాత తెల్లటి వెలుగు. రెండు మూడుసార్లు రెపరెపలాడింది. ఉరుము మాత్రం నేను వినలేదు. కళ్లు తెరిచేసరికి కింద పడి ఉన్నాను. కాళ్లు కదలడం లేదు. కామేశ్వరి పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు.

బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, సీటీ స్కాన్ అయ్యాక డాక్టరుగారు కాగితం మీద రాసి చూపించారు: "పిడుగు పక్క బండ మీద పడింది. మీకు తగిలింది గ్రౌండ్ కరెంట్, నేలలోంచి పాకి వచ్చింది. అదృష్టవంతులు." కాళ్లు మర్నాటికే స్వాధీనంలోకి వచ్చాయి. చెవులకే రెండు వైపులా పర్ఫొరేషన్, అంటే కర్ణభేరులకు చిల్లులు. వినికిడి కొలిచే ఆడియోమెట్రీ గదిలో బీప్ వినిపిస్తే బటన్ నొక్కమన్నారు. నొక్కే పనే పడలేదు. చెవుల మీద బతికేవాణ్ణి, అక్కడే ఏడ్చేశాను.

కుడి చెవికి చిల్లు పూడ్చడానికి చేసిన టింపానోప్లాస్టీ ఆపరేషన్ ఇన్ఫెక్షన్‌తో చెడిపోయింది. "అది ఇక కష్టం. ఎడమ చెవికి ప్రయత్నిద్దాం" అని రాశారు. ఆ నెలల్లో పాత రోజులే నాకు తోడు. కొబ్బరి చిప్పలతో గుర్రాలను పరిగెత్తించేవాళ్లం, గొడుగు టపటపలాడించి పావురాలను ఎగరేసేవాళ్లం. ఎంత హాయైన కాలం! కళ్లు మూసుకుని అవే వినేవాణ్ణి.

ఇప్పుడు ఎడమ చెవి పనిచేస్తోంది, కొంచెం పల్చగా. రికార్డింగు మానేసి కుర్రాళ్లకు పాఠాలు చెబుతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే: వాన పడలేదు కదా అని బయట నిలబడకండి. ఉరుము చెవిన పడిందంటే పిడుగు అందేంత దూరంలోనే ఉన్నట్టు.

మొన్న మబ్బు పట్టగానే తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాం. దూరంగా ఉరిమింది. కామేశ్వరి "అర్జునా" అని, నా వైపు చూసి ఠక్కున ఆపేసింది.

"ఆపకే. మొత్తం చెప్పు, వింటాను" అన్నాను.