తమలపాకు తీగా, వేయించిన ఎరువూ

ఆ రోజుల్లో బెజవాడలో పెళ్ళికాని కుర్రాడికి పిల్లనైనా ఇచ్చేవారేమో గానీ గది ఇచ్చేవారు కాదు. అలాంటిది పటమటలో, మేడ మీద, గాలీ వెలుతురూ వచ్చే గది నాకు దొరికింది. అప్పుడే ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా చేరాను. (చేరి నెలైనా కాలేదు, లోకంలోని మొక్కలన్నీ నా శిష్యులేనన్న భావం మాత్రం వచ్చేసింది.) కింద వాటాలో ఉండే ఇంటి ఓనరుగారు మంచివారు, ఆయన మంచితనంతో పనిలేకుండా ఇల్లు నడిపేది వాళ్ళావిడ. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అనేవాణ్ణి. పిన్నిగారి షరతు ఒక్కటే: ఇంట్లో పురుగూ పుట్రా కనబడకూడదు. నాకు ముందు అద్దెకున్నాయన చేత బొద్దింకల మూలంగానే ఖాళీ చేయించామని, మర్యాదగానే, చెప్పారు.

పిన్నిగారికి భోజనం కాగానే తాంబూలం పడాలి. అందుకోసం కుండీలో తమలపాకు తీగ పెంచుకున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడలో రోళ్ళతో ఆగదు. చెల్లెలి కూతురి పెళ్ళికి బందరు వెళ్తూ ఆవిడ ఆ కుండీని నా గదిలో కిటికీ పక్కన పెట్టించి, "మొక్కల మాస్టారు కదా, మీ చేతుల్లో పెడుతున్నానండీ. ఒక్క ఆకు వాడినా ఊరుకోను" అన్నారు. నీళ్ళు పోస్తే చాలు. కానీ నీళ్ళు పోయడానికి ఎమ్మెస్సీ ఎందుకు? ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే మా తోటి లెక్చరర్ చేత, వాళ్ళ తోటలో చేసిన వానపాముల ఎరువు ఒక సంచెడు తెప్పించాను. "ముందు జల్లించండి, మట్టిలో గుప్పెడు కలపండి, చాలు" అన్నాడాయన. ఆయనది జువాలజీ. జువాలజీ వాళ్ళ మాట బోటనీ వాళ్ళు వినడమేమిటి?

సంచి విప్పిన మర్నాడే ఒక వానపాము గచ్చు మీద షికారు చేస్తూ కనబడింది. ఇంకెన్ని ఉన్నాయో, అవి మెట్లు దిగి పిన్నిగారి వాటాలోకి వెళ్తే నా గతేమిటి? అప్పుడు గుర్తొచ్చింది, బొంబాయి రవ్వకి పురుగు పట్టకుండా మా అమ్మ ఏం చేస్తుంది? వేయిస్తుంది! (కనబడిన వానపాముల్ని మాత్రం ఏరి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో వదిలాను, నేనేమీ కసాయివాణ్ణి కాను.) స్టవ్వు మీద మూకుడు పెట్టి, ఎరువు పోసి, అట్లకాడతో కలుపుతూ దోరగా వేయించాను. ఆ ఎరువులో మొక్కకి మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని పొద్దున పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి, సాయంత్రానికి వాటన్నిటికీ అంత్యక్రియలు జరిపాను. పక్క మేడ మీంచి ఒకాయన "ఏం వండుతున్నారండీ మాస్టారూ, వాసన అదోలా ఉంది?" అనడిగితే, "ఉప్మా అండీ" అన్నాను. ఆ తర్వాత ఆయన నన్ను జాలిగా చూడ్డం మొదలెట్టాడు.

మర్నాడు ఫ్యాను ఆపకుండానే ఆ పొడి కుండీలో చల్లాను. బాగా ఎండిపోయిందేమో, గుప్పున లేచి ఆకుల మీదా నా కళ్ళలోనూ పడింది. తుడవడానికి గుడ్డ తడిపేలోగా గుమ్మంలో పిన్నిగారు, వెనకాల సంచులతో ఓనరుగారు. "పెళ్ళిలో అన్నీ ముదురాకులేనండీ మాస్టారూ, నోరు చచ్చిపోయింది!" అంటూ ఆవిడ వచ్చీ రాగానే లేతాకు ఒకటి తుంచి, కొంగుతో అలా తుడిచి, సున్నం డబ్బీ తీశారు.

నేను నోరు మెదపకపోతే గది నాది. కానీ ఆవిడ నోట్లోకి వెళ్ళేది ఎరువు.

"తినకండి పిన్నిగారూ! దాని మీద వానపాముల పెంట పడింది!" అని అరిచేశాను.

ఆవిడ ఆకునీ, నన్నూ, స్టవ్వు మీది మూకుణ్ణీ చూశారు. నేను అంతా చెప్పేశాను. "వేయించారా?" అన్నారు నీరసంగా.

"పురుగు పట్టకుండానండీ."

ఆవిడ కుళాయి దగ్గరికెళ్ళి ఆ ఆకుని రుద్ది రుద్ది కడిగారు. సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి, "ఏమండీ, ముందు మీరేసుకోండి" అని ఓనరుగారి నోట్లో పెట్టారు. ఆయన నములుతున్నంతసేపూ మేమిద్దరం ఆయన మొహంలోకే చూశాం. ఆయన మింగి, "బాగానే ఉందే" అన్నారు.

"ఆ మూకుడు అవతల పారేయండి. సబ్బుతో చేతులు కడుక్కుని కిందకి భోజనానికి రండి" అన్నారు పిన్నిగారు నాతో. గది దక్కింది.

ఇప్పుడు మా సొంత ఫ్లాటు హాల్లో కుండీలున్నాయి. ఎరువు జల్లిస్తాను, దుమ్ము లేవకుండా కాస్త తడిపి మట్టిలో గుప్పెడే కలుపుతాను, ఆకులకి తగలనివ్వను, చేతులు కడుక్కుంటాను. ఖాళీ చేయించేవాళ్ళు లేరు. అయినా గది పోతుందని తెలిసీ అలా అరిచిన ఆ తెలివితక్కువ కుర్రాడు, ఇంత తెలిసిన నాలో ఇంకా మిగిలున్నాడా అని ఒక్కోసారి అనుమానమొస్తుంది. ఉంటే బావుణ్ణనుకుని, నవ్వుకుని, నీళ్ళ చెంబు అందుకుంటాను.