తుమ్మకంపలో జ్ఞాని

నా చిన్నప్పుడు, మా ఊరి క్రిస్మస్ నాటకంలో నేను లేకపోతే ఆ ఏడు యేసు పుట్టడమే వాయిదా పడుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ముగ్గురు జ్ఞానుల్లో నాది నడిమి జ్ఞాని వేషం. బోధన్ చుట్టుపక్కల పూసిన చెరుకుపూలన్నీ నేనే ఏరి, మోకాళ్ల దాకా వేలాడే తెల్లగడ్డం కట్టుకున్నాను.

పండుగ ఇరవై రోజులుందనగా నాకు తట్టు పోసింది. ఒంటి మీద దద్దుర్లు ఆకాశంలో చుక్కల కంటే రెండు ఎక్కువే. అవి మాడి పొట్టు రాలగానే రిహార్సల్‌కు బయలుదేరాను. తట్టు చూసిన ఒంటికి ఇక ఏ రోగమూ రాదని ఇంట్లో అందరి మాట. రిహార్సల్ దగ్గరేమో పిల్లలు సగంమంది దగ్గులు, జ్వరాలతో ఉన్నారు.

దవాఖానలో ఆయాగా చేసిన మా అవ్వ ఒక్కతే అడ్డుపడింది. చెయ్యి పట్టుకుని మా చెరుకుతోటకు తీసుకెళ్లింది. నాలుగు రోజుల కింద అడవిపందులు కంచె తొక్కిపోయాయి. ఇప్పుడు లోపల ఊరి మేకలు తీరిగ్గా విందు చేసుకుంటున్నాయి.

"పందులేవిరా?"

"పోయినయి గద అవ్వా."

"మరి మేకలెట్ల సొచ్చినయి?"

"కంచె లేదు గద!"

"నీ ఒంట్ల గూడ గంతే బిడ్డా. తట్టు పోయింది గాని, పోతూ పోతూ కంచె తొక్కిపోయింది. అది మల్ల మొలిచేదాంక ఏ జరమొచ్చినా సొచ్చుడే."

"మరి నా గడ్డం?" అని ఏడ్చాను. నా ఏడుపుకు మేకలు కూడా మేత ఆపాయి.

ఇంటికొచ్చి అవ్వ తుమ్మకంప కొట్టి, వాకిట్లో నా మంచం చుట్టూ కోట కట్టింది. రాజులకు కూడా అంత కోట ఉండి ఉండదు. కంప పేరుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది: "మీ బాపు కంటే ముందు నాకో కొడుకుండె. తట్టు తగ్గిందని సంబురంగ పెండ్లికి తోలుకపోయిన. ఆడ పిల్లలకు జరాలు. వారం దినాలల్ల పోయిండు." ఆమె వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది. ఆమె తుడుచుకోలేదు. నేనూ గడ్డం సంగతి మళ్లీ ఎత్తలేదు.

పండుగనాడు నాటకం వాళ్ల నక్షత్రం బెత్లెహేము దాకా పోలేదు, మా గేటు దగ్గరే ఆగిపోయింది. అవ్వ కర్ర పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరి నుదురు తాకి చూసి, దగ్గినవాళ్లను వెనక్కి పంపింది. అలా ఇద్దరు గొర్రెల కాపరులూ ఒక దేవదూతా తగ్గారు. మిగిలినవాళ్లు గేటు బయట నాటకం వేశారు. నేను కంప లోపలి నుంచే గడ్డంతో సాగిలపడ్డాను. నా కానుక బెల్లంగడ్డను అవ్వే తీసుకెళ్లి బాలయేసు ముందు పెట్టి, కాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఇప్పుడు తట్టుకు సూది ఉంది, నా బిడ్డకు వేయించాను. కానీ మొన్న దానికి ఫ్లూ తగ్గిందో లేదో, కంఠేశ్వర్‌లో స్నేహితురాలి పుట్టినరోజుకు గౌను వేసుకుని తయారైంది. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"జరం పోయింది గద నాన్నా!"

"పోయింది బిడ్డా. కంచె మొలవాలె."

అలిగి నా ఒళ్లోనే పడుకుంది. దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసినప్పుడల్లా, నా వేళ్ల కొసల్లో అవ్వకు గుచ్చుకున్న ఆ ముళ్లు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.