రంగులు తెలిసిన కళ్లు

మా అత్తమ్మ పోయింది. పోయిన శుక్రవారం పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, "జర ఒరుగుత బిడ్డా" అని మంచం మీద వాలింది. నేను చాయ పట్టుకొచ్చి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. మధ్యాహ్నానికి మా బజారులో బట్టల దుకాణాలన్నీ షట్టర్లు సగానికి దించాయి. చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది నా చెవి దగ్గర ఒకటే మాట అడిగారు. "గా బీమారితోనేనా?"

కాదని అందరికీ చెప్పాను. ఎప్పుడో వచ్చిన ఆ క్యాన్సరు ఒక రొమ్మును తీసుకుపోయింది గానీ ఆమెను తీసుకుపోలేకపోయింది. అయితే అది మళ్లీ వచ్చిందని నమ్మి, ఎవరికీ చెప్పకుండా ఆమె మోసిన భయం ఒకటుంది. దాని సంగతి రాయాలనే ఇది మొదలుపెట్టాను.

మాది వరంగల్‌లో రైకముక్కల దుకాణం. చీర ఎక్కడో కొనుక్కుని దానికి తగిన రైకముక్క కోసం మా మెట్లెక్కుతారు. మామయ్య గల్లా దగ్గర కూర్చునేవారు. గద్దె మీద రాజ్యమంతా అత్తమ్మదే. చీర కొంగు ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి అరలోంచి ముక్క లాగేది. తర్వాత కొన్నావిడను చేయి పట్టుకుని గడప దాకా తీసుకెళ్లి, చీరనూ ముక్కనూ ఎండలో పక్కపక్కన పట్టి చూపించేది. "ట్యూబులైటు కింద అన్నీ చుట్టాలే. ఎండకు తీసుకపోతెనే ఎవలు మనోళ్లో తెలుస్తది" అనేది. నన్ను పెళ్లిచూపులకు వచ్చి చూసిందీ వాకిట్లో ఎండలో నిలబెట్టే. పిల్ల నలుపని మామయ్య చెల్లెలు గొణిగితే, "నలుపైతేంది, ఎలిసిపోయే రంగు గాదు" అని తేల్చేసిందట. ఆ ఒక్క మాటకు నేను జన్మంతా ఆమెకు కోడలిగా ఉండటానికి ఒప్పుకున్నాను.

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు, తర్వాత చాలా రోజులు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. గోళీలు మాత్రం ఏళ్ల తరబడి మింగింది. ఇంటికొచ్చిన కొత్తలో ఒకరోజు తలుపు దగ్గరికి వేసుకుని, రైకలో ఖాళీ అయిన పక్కన దుకాణంలో మిగిలిన మెత్తటి ముక్కలు మడతపెట్టి కుక్కుకుంటోంది. నన్ను చూసి దాచుకోలేదు. "ఇన్నేండ్లు ఊరందరికి మ్యాచింగు చేసిన. ఇప్పుడు నాకు నేను చేసుకుంటాన్న" అని నవ్వింది. నేనూ నవ్వాను, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ ఆసుపత్రిలో పక్క మంచం మీద నల్గొండ దిక్కు నుంచి వచ్చిన ఒకామె ఉండేదట. ఇద్దరికీ ఒకటే జబ్బు. ముందు ఆమె చూపు మసకబారింది, తర్వాత జబ్బు తలకెక్కిందన్నారు, ఆ తర్వాత ఆ మంచం ఖాళీ అయింది. ఈ సంగతి అత్తమ్మ నాకు ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎత్తలేదు.

నాలుగైదేళ్లు బాగానే గడిచాయి. తర్వాత మెల్లగా ఏదో మారింది. అన్నంలో రాళ్లు తగలడం మొదలైంది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచేది. అన్నిటికంటే వింత, కొనడానికి వచ్చినవాళ్లను గడప దాకా తీసుకెళ్లడం మానేసింది. "ఎండ గుచ్చుతాంది, ఈడనే చూడున్రి" అని ట్యూబులైటు కిందే ముక్కలు కోసి ఇచ్చేది. ఏమైందని నేనడిగితే కంట్లో దుమ్ము పడిందనేది. అన్నేసి నెలలు ఒక్క మనిషి కళ్లలోనే పడే దుమ్ము వరంగల్‌లో కూడా ఉండదు. అయినా ఆమె నోరు విప్పితే కదా.

ఆ మాఘంలో వర్ధన్నపేట నుంచి ఒకామె వచ్చింది. బిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నారు. ఒడిలో బియ్యంతో పాటు పెట్టడానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ముదురు నీలం రైకముక్కలు కావాలంది. అత్తమ్మ తీసి, మడిచి, కాగితంలో చుట్టి ఇచ్చింది. మర్నాడు ఆమె మళ్లీ వచ్చి ఓ మూల కూర్చుంది. దుకాణంలో జనం పలచబడేదాకా ఉండి, గద్దె దగ్గరికి జరిగి, కొంగు చాటు నుంచి ఒక ముక్క తీసి అత్తమ్మ ఒడిలో పెట్టింది.

"సావుకారమ్మా, నీలమనుకోని ఇచ్చినట్టున్నవు. కట్ట నేనే ఇప్పిన, బిడ్డ చూడలే. ఫికర్ జెయ్యకు."

అత్తమ్మ ఆ ముక్కను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పట్టుకుంది. "నీలమే గదనే ఇది?" అని నన్నడిగింది.

అది నలుపు. ఒడిబియ్యంలో నలుపు పెట్టే తల్లి మా వైపు ఎక్కడా ఉండదు. పాతికేళ్లలో అత్తమ్మ చేతి నుంచి అలాంటిది వెళ్లిందంటే బజారులో ఎవరూ నమ్మరు. నాకు అబద్ధం చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు.

"నలుపు అత్తమ్మా."

ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుంది. "నువ్వే తియ్యి బిడ్డా నీలపుది" అంది. నేను తీసి ఇచ్చాను. ఆ వర్ధన్నపేట ఆమె వెళ్తూ అత్తమ్మ పాదాలకు మొక్కి వెళ్లింది. ఎదుటివాళ్ల తప్పును అంత మెత్తగా తెచ్చి ఇచ్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం ఇంట్లో అత్తమ్మ చేట ముందు పెట్టుకుని, బియ్యం ఏరకుండా కూర్చుని చెప్పింది. "తలకెక్కిందే. నల్గొండామెకు గిట్లనే అయింది. నాకు శానా దినాల సంది ఎర్కనే. మీ మామకు చెప్పకు. మళ్ల ఆ కరెంటు నేను పెట్టిచ్చుకోలేను."

"తలకెక్కితే మా మీద గింత కేకలేస్తవా?" అన్నాను. అన్నానే గానీ నా గొంతు నాకే పలచగా వినిపించింది. పొద్దున్నే రిక్షా పిలిపించాను. మా అత్తాకోడళ్లది మొండికి మొండి జోడీ అని మామయ్య ఊరికే అనలేదు. అత్తమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. తిరిగి ఇంటికి రానన్నట్టే తయారైంది.

దవాఖానలో కళ్ల డాక్టరమ్మ చుక్కలు వేసి, బల్ల మీద కూర్చోబెట్టి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. అంతసేపూ అత్తమ్మ నా మణికట్టు వదల్లేదు. డాక్టరమ్మ లైటు ఆర్పగానే అత్తమ్మే అడిగింది.

"తలకెక్కిందా అమ్మా?"

"తలకేం ఎక్కలే పెద్దమ్మా. రెండు కండ్లల్ల శుక్లాలు. ఆపరేషన్ జేసి పొర తీస్తే కనవడ్తది."

"ఆ కరెంటుతోని అచ్చిందా?"

"కరెంటు పెట్టింది ఛాతీకి, కంటికి గాదు గద. కొన్ని మందులతోని కొందరికి జల్ది అస్తది. షుగరుంటే అస్తది, వయసుకు గూడ అస్తది. నీకు దేనితోనో ఇప్పుడు చెప్పలేం. కాని చూపు మసకైనప్పుడే రావాలె. అసొంటి బీమారి అయినోళ్లు అస్సలు దాచద్దు."

అత్తమ్మ ముఖం కొంగులో దాచుకుని ఏడ్చింది. రొమ్ము తీసేసినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను ఆమె వీపు మీద చేయి వేసి నిలబడ్డాను. ఆ రోజంత సంతోషం నాకు పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు, ఉన్నమాట చెబుతున్నాను. బయటికి రాగానే, "ఆకలైతాంది బిడ్డా" అంది. నెలల తర్వాత ఆమె నోట విన్న మాట అది. గేటు ముందు బండి దగ్గర నిలబడి, పట్టుచీర మీద చట్నీ పడుతున్నా లెక్కచేయకుండా ఇడ్లీలు తింది.

ఒక కన్ను తర్వాత ఒకటి, రెండు ఆపరేషన్లూ అయ్యాయి. ఇప్పట్లా కంటి లోపల అద్దం పెట్టే రోజులు కావవి. సోడాబుడ్డి అడుగంత మందం కళ్లద్దాలు ఇచ్చేవారు. వాటితో ప్రతిదీ దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. చాయ కప్పు పక్కన పోసి, "కప్పే జరిగింది" అనేది. లేని మెట్టు ఎక్కబోయేది. వారం తిరిగేసరికి అలవాటు పడింది. మళ్లీ గద్దె ఎక్కి, మరికొన్నేళ్లు బజారు ఆడవాళ్లందరినీ ఎండకు లాక్కెళ్లింది.

ఇన్ని జ్ఞాపకాల్లో నాకు వదలనిది ఆ అద్దాలు వచ్చిన మొదటి పూట. నేను పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్నాను. గోడ పట్టుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇటు తిరుగు."

తిరిగాను. చాలాసేపు చూసింది.

"ఈ తెల్లెంటికలు ఎప్పుడచ్చినయే?"

"నువ్వు చూస్తలేవని జల్ది జల్ది అచ్చినయి."

ఆమె నవ్వలేదు. పిండి అంటిన నా చెంపను వేలితో తడిమింది. "కండ్ల కింద గింత గుంటలా. నా బీమారి నిన్ను తిన్నదే బిడ్డా" అంది. ఆ అద్దాల వెనుక రెండింతలై కనిపించే ఆమె కళ్లు నిండాయి. తుడుచుకోవాలంటే అద్దాలు తీయాలి. తీస్తే నేను కనిపించను. అందుకని తుడుచుకోకుండా, నీళ్లు చెంపల మీదికి కారనిచ్చి, అలాగే నన్ను చూస్తూ నిలబడింది.