కనెక్షన్ తెంచే ముందు

ఆ పెద్దాసుపత్రిలో అందరూ ఆమెను సర్వరమ్మ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే, పోను పోను గౌరవంగా స్థిరపడింది. మామూలు మనిషి కాదు మరి. పదహారేళ్ల సర్వీసులో మూడుసార్లు డేటాబేస్‌ను పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి మార్చింది. ఒక్క రోగి పేరు కూడా జారిపోనివ్వలేదు. రోజూ తీసే బ్యాకప్ నిజంగా పనికొస్తుందో లేదో నెలకోసారి తెరిచి చూడాలన్న నియమం పెట్టింది ఆమే. అరగంట నడిచే రిపోర్టును పుస్తకానికి విషయసూచికలా ఒక్క ఇండెక్స్ వేసి నాలుగు సెకన్లకు దించినప్పుడు పెద్ద డాక్టరంతటివాడు మెట్లెక్కి వచ్చి మెచ్చుకున్నాడు. చెప్పుకుంటూ పోతే వేళ్లు చాలవు.

అయినా పొద్దున్నే సీట్లో కూర్చోగానే ఆమె చూసేది ఇవేవీ కాదు. సర్వర్‌కు ఆ క్షణాన ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో చూపే జాబితా ఒకటుంది. అందులో ఊరవతలి శాఖలోని మందుల స్టోరు లాగిన్ కోసం ఆమె కళ్లు వెతుకుతాయి. తొమ్మిదీ పదికి ఆ వరుస కనబడిందంటే అక్కడ పనిచేసే ఆమె అక్క వచ్చి కూర్చున్నట్టు. అప్పుడు గానీ టీ గొంతు దిగదు.

ఆ అక్క మాట్లాడక నాలుగేళ్లయింది. తల్లి పోయిన రోజునే సర్వర్ డిస్కు పాడైంది. బ్యాకప్ నుంచి అంతా తిరిగి నిలబెట్టేసరికి సాయంత్రమైంది. ఈమె ఇల్లు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. గుమ్మంలోనే అక్క ఎదురొచ్చి, ఇక ఆ పెట్టెనే అమ్మా అని పిలుచుకో పొమ్మంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఇద్దరికీ మధ్య మిగిలింది ఆ ఒక్క వరుసే. అందులో ముఖం లేదు, గొంతు లేదు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఆఖరున వెతికిన మందు పేరు, అంతే. వరుస కనబడని రోజున ఒంట్లో బాగాలేదేమోనని ఈమె కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. ఏ కౌంటర్లోనూ మందులు ఇవ్వడానికి కుదరడం లేదట, స్క్రీన్లు బిగుసుకుపోయాయట, జనం మెట్లదాకా బారులు తీరారట. డిస్కులో చోటుంది, యంత్రం మీద భారమూ లేదు. అయితే ఎవరో ఎవరికోసమో ఆగి ఉండాలనుకుని ఆమె వెతికింది. నలభైమూడు కనెక్షన్లు ఒక్కదాని వెనకాల నిలబడి ఉన్నాయి. ఆ ఒక్కటీ అక్కది. పొద్దున స్టాకు సవరించడం మొదలుపెట్టి, సేవ్ చేయకుండానే ముప్పై అయిదు నిమిషాలుగా చప్పుడు లేదు. అల్మారాకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్లినట్టుంది వ్యవహారం.

కనెక్షన్ తెంచడానికి ఒక్క ఆదేశం చాలు. కానీ అలా తెంచితే అక్క పొద్దుట్నుంచి ఎక్కించిందంతా గాలికి పోతుంది. అందుకే తెంచే ముందు ఆ మనిషికి ఫోన్ చేయాలని, పది నిమిషాల్లో జవాబు రాకపోతేనే చెయ్యి వేయాలని రూలు. పక్క సీట్లోని పెద్దాయన రిసీవర్ అందుకోబోయాడు.

"నేను చేస్తాలేమ్మా. మీ సంగతి నాకు తెలియంది కాదు."

"వద్దన్నయ్యా. రూలు రాసింది నేనే కదా."

రెండు రింగులకే ఎత్తారు. "స్టోర్," అంది అక్క. గొంతు కాస్త బొంగురుపోయింది.

"సర్వర్ రూం నుంచండీ. మీ స్క్రీన్లో స్టాక్ ఎంట్రీ తెరిచి ఉంది. మీరు సేవ్ చేయకపోతే..."

అక్క మధ్యలోనే అందుకుంది.

"నీకు నేను 'మీరు' ఎప్పట్నించయ్యానే?"

అక్కే చెప్పుకొచ్చింది. రెండువందల పన్నెండు మందుల లెక్క ఎక్కించిందట. ఒకదాని దగ్గర రెండు పెట్టెలు తేడా వచ్చిందట. అది తేలేదాకా సేవ్ నొక్కడం ఇష్టంలేక, తెరిచింది తెరిచినట్టే వదిలి అరలన్నీ గాలిస్తోందట.

"తప్పు లెక్క ఎక్కితే, సర్వర్‌దే తప్పని మాట పడేది నువ్వు కదా," అంది చివరికి, ఎవరినో కసురుతున్నట్టు.

ఆ ఒక్క మందునూ తీసేసి మిగతావి సేవ్ చేయమని, తేడా తర్వాత చూసుకోవచ్చని ఈమె నెమ్మదిగా చెప్పింది. అటు మీటలు నొక్కిన చప్పుడు వినబడింది. ఇటు జాబితాలో నలభైమూడు వరుసలూ ఒకదాని వెనక ఒకటి కదిలిపోయాయి. కింద కౌంటర్లు మళ్లీ నడుస్తున్నాయని పెద్దాయన తల ఊపాడు.

"కదిలిందా?"

"కదిలిందక్కా."

"సరే, పెట్టేస్తా. నీకు పనుంటుంది."

అప్పటికే మేనేజరు గుమ్మంలో నిలబడి, ఎందుకాగిందో తనకిప్పుడే చెప్పాలని చేత్తో సైగ చేస్తున్నాడు. ఆమె ఆయన్ని చూసింది. చూసి, కుర్చీని గోడవైపు తిప్పుకుంది.

"లేదక్కా. నాకు పనేం లేదు."

లైను తెగలేదు. అట్టపెట్టె ఏదో నేలమీద జరిపిన చప్పుడు. ఎవరో మందు చీటీ అందిస్తూ ఏదో అడిగారు. అక్క గొంతు, రిసీవర్‌కు కాస్త దూరంగా:

"కాస్త ఆగండి బాబూ. మా చెల్లెలు లైన్లో ఉంది."