పొనికి తాగిన నీళ్లు

వడ్రంగి కొత్త కిటికీలకు చిత్రిక పడుతుంటే కర్రపొట్టు వాసన ప్రార్థన గది దాకా వచ్చింది. లేచి వెళ్లి ఒక చెక్క మీద బొటనవేలి గోరు నొక్కి చూశాను. ఆ అలవాటు మా యోహాను మామది. అమ్మకు అన్న. బడికి వెళ్లని నాకు అక్షరాలూ, దేవుని వాక్యమూ, కర్రల గుణమూ ఇంట్లోనే నేర్పింది ఆయనే.

నిర్మల్‌లో బొమ్మలు చెక్కే ఇంట పుట్టి, బెల్లంపల్లి బొగ్గుబావుల్లో దుంగలు కోసే పనికి వచ్చాడు మామ. నా చిన్నప్పుడు ఒక క్రిస్మస్‌కు, ప్రభువు తుఫానును అణచిన కథ పిల్లలకు చూపడానికి గంగాళంలో తేలే మూరెడు ఓడ చేయమన్నారు గుడిలో. సంఘపెద్ద ఒకాయన నవ్వాడు. "బొమ్మలోడు బొమ్మనే జేస్తడు. నీళ్లల్ల ఏస్తే మునుగుతది." ఆ పూట మామ అన్నం సరిగ్గా తినలేదు.

చట్రం టేకుతో కట్టి, పైన కప్పే పలకలకు అలవాటు కొద్దీ పొనికి తెచ్చాడు. బొమ్మలకు మావాళ్లు వాడే కర్ర అది. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, ఉలికి ఎదురు చెప్పదు. ఓడ ముద్దుగా కుదిరింది. మిగిలిన ముక్కనొకటి ఆడుకుంటూ చెంబునీళ్లలో వేసి మరిచిపోయాను. తెల్లారి చూస్తే ఉబ్బి ఉంది, నొక్కగానే గోరు దిగిపోయింది.

"మామా, గిది నీళ్లు తాగుతది," అన్నాను భయపడుతూ. పండుగ దగ్గరికొచ్చింది.

ఆయన ముక్కను పిండి చూశాడు. "తాగుడేంది కోడలా, కడుపు నిండ మింగింది! మంచిగ జెప్పినవ్." కూర్చుని, అంతా అయిపోయిన ఓడ పలకలు ఒక్కొక్కటే ఊడదీశాడు. "మరి ఏది ఎయ్యాలె? నువ్వే చెప్పు."

బద్దలు సన్నగా చీల్చి, నానబెట్టి, వేడినీళ్లలో వంచి చూశాం. టేకు ఓడముక్కు మలుపులో పెటుక్కున విరిగింది. పైగా అంత చిన్న ఓడ మీద దాని గీతలు దూలాల గీతల్లా కనబడ్డాయి. జిట్రేగి కర్ర బరువెక్కువ. గుమ్మడిటేకు వంచినట్టు వంగింది, ఉబ్బలేదు.

"గిదే," అన్నాను.

"గిదంటే గిదే." నీళ్లు దిగకుండా సందుల్లో గుగ్గిలం కరిగించి పోశాడు.

పండుగనాడు అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే నేను ఓడనే చూస్తూ ఉన్నాను. ప్రసంగం ముగిసేదాకా అది తేలుతూనే ఉంది. సంఘపెద్ద వంగి పలకలు తడిమాడు. "పొనికి కాదే! ఏం కర్రయ్యా?"

"గుమ్మడిటేకు. పొనికి వద్దన్నది, గిది ఎంచింది మా కోడలే," అన్నాడు మామ, గుడి అంతటికీ వినబడేలా.

"గట్లనా! ఎంతైన బొమ్మలోళ్ల పిల్ల," అన్నాడాయన. ఈసారి ఆ మాట మామకు గుచ్చుకోలేదు. నా తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

చిన్నవాళ్లెవరైనా భయపడుతూ ఒక మాట చెప్పబోతే, నేను చేతిలో పని కింద పెట్టి వింటాను. దేవునికి స్తోత్రం చెప్పే వేళ, కట్టిన ఓడను నా మాట మీద విప్పిన ఆ చేతులకూ చెబుతాను.