పోసినవాడే మొదట ఎక్కాలి

కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్ కూలీల లైన్లలో బచ్చప్ప ఇల్లు కనుక్కోవడం సులభం. గుమ్మం పక్క గోడకు మేకులు కొట్టి ఇనుపతాడు ముక్కలు వేలాడదీసి ఉంటాయి. ఒక్కొక్కటి ఆరడుగులు. గని నడిచిన రోజుల్లో మనుషుల్ని కిందికి దించే కేజ్‌ను మోసిన తాళ్ల కొనలు అవి. ఆరు నెలలకోసారి తాడు కొనను ఆరడుగులు కోసేసి, విప్పి లోపల తుప్పు చూసి, కొత్త కొనను సాకెట్ అనే ఉక్కు గరాటులో పెట్టి, లోహం కరిగించి మళ్లీ పోయాలి. గనిలో ఆ పనికి క్యాపింగ్ అని పేరు. బచ్చప్ప ఇరవై రెండేళ్లు చేసింది ఆ పనే.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉండేది. సాకెట్ పోసినవాడే మొదటి కేజ్‌లో ఒంటరిగా దిగి, పైకి రావాలి. ఆ తరువాతే మిగిలినవాళ్లు ఎక్కేవారు. ఇది ఏ నియమాల పుస్తకంలోనూ లేదు, తప్పినవాడూ లేడు. బచ్చప్ప నలభై మూడుసార్లు అలా దిగాడు.

2001లో గని మూసినప్పుడు ఒక ఆఫీసరు, మీరు నేర్చిన పని బయట ఎవరికీ అక్కరలేదు, పోయి ఇంకేదైనా నేర్చుకోండి అన్నాడు. బచ్చప్ప ఏమీ నేర్చుకోలేదు. కోలారు జిల్లాలో నీళ్లు పదిహేనువందల అడుగుల కిందికి పోయాయి. అంత లోతు నుంచి బోరు మోటారును పైకి లాగాలంటే తాడు గట్టిగా ఉండాలి. అందుచేత గౌనిపల్లి దాకా బోరు బండ్లవాళ్లకు అతని చిరునామా తెలుసు.

ఆ గౌనిపల్లి నుంచే రక్షిత వచ్చింది. ఆమె తండ్రి గంగప్ప మామిడితోటలో బోరు తాడు రెండుసార్లు బచ్చప్ప చేతిలో పడింది. రక్షిత నెల్లూరు తీరంలో ఒక విశ్వవిద్యాలయపు సముద్ర పరిశోధన కేంద్రంలో పని చేస్తుంది. సముద్రంలోకి సీసాల చట్రం దించి, ఒక్కో లోతులో నీళ్లు పట్టి పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఏప్రిల్‌లో ఒకరోజు మినీలారీలో పెద్ద తాడు చుట్ట వేసుకుని దిగింది. వెంట కేంద్రం ఇంజనీరు పురుషోత్తమ్ ఉన్నాడు.

సంగతి ఇది. కిందటి నెల తాడు కొన జారి ఒక చట్రం సముద్రంలో పోయింది. ఇంకొకటే మిగిలింది. పడవ ఆ కేంద్రం వంతుకు పది రోజులే వస్తుంది, అవి పై వారంలో మొదలు. మద్రాసులో సాకెట్లు పోసేవాళ్లు రెండు నెలలు ఆగమన్నారు. ఈ తాడుకు నమ్మకమైన కొన దొరకకపోతే ఏడాది పని పోయినట్టే.

బచ్చప్ప తాడును వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "మీ సముద్రం ఎంత లోతుండాదప్పా?"

"మేం దించేది వెయ్యి మీటర్లండీ," అన్నాడు పురుషోత్తమ్ కొంచెం గర్వంగా.

"అంతేనా?" బచ్చప్ప ఇంట్లోకి తిరిగి కేకేశాడు. "హనుమక్కా, వినినావా? వెయ్యి మీటర్లంట. మన గనిలో సగం దూరం కూడా పోదు."

"నువ్వు ఎప్పుడైనా సముద్రం చూసినావా? నోరు మూసుకోని పని చూడు," అంది హనుమక్క. కొలిమికి గాలి కొట్టేది ఆమే.

పురుషోత్తమ్ సంచిలోంచి ఒక ఫారం తీశాడు. "మీకు సర్టిఫికెట్ ఏదైనా ఉందాండీ? ఇందులో రాయాలి."

"ఉండె. గని పొయ్యేటప్పుడు అదీ పాయె."

"మరి దేన్ని చూసి నమ్మాలండీ?"

"పని చూసి. ఇంగ దేన్ని చూస్తావు?"

మొదటి గొడవ తాడు కోయడం దగ్గరే వచ్చింది. ఆరడుగులు కోస్తానన్నాడు బచ్చప్ప. కొన పైకి బాగానే ఉంది, అడుగు చాలు అన్నాడు ఇంజనీరు. బచ్చప్ప వాదించలేదు. ఆరడుగుల దగ్గర తీగ చుట్టి కోసేసి, తెగిన ముక్కను విప్పి చూపించాడు. మొదటి మూడడుగుల్లో లోపలి తీగలు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. పురుషోత్తమ్ ఆ తుప్పును గోటితో గీకి చూశాడు.

తరువాత పని నెమ్మదిగా సాగింది. గరాటులాంటి ఉక్కు సాకెట్‌లోకి తాడు దూర్చి, కొనను కుంచెలా విప్పి, ఒక్కో తీగనూ కడిగి ఆరబెట్టాడు. కుంచెను సాకెట్‌లోకి లాగాడు. అడుగున బంకమట్టితో మూశాడు. మూకుడులో తగరం కలిసిన వైట్ మెటల్ కరిగింది. పురుషోత్తమ్ వేడి కొలిచే పరికరం తీయబోతే, బచ్చప్ప అప్పటికే ఎండిన నీలగిరి పుల్లను కరిగిన లోహంలో ముంచాడు. పుల్ల గోధుమరంగుకు తిరిగింది, మంట అందుకోలేదు.

"ఇదీ వేడి. మంట వస్తే ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే చాలనట్టు."

"నా మిషన్ కూడా చూస్తానండీ."

"చూడప్పా. దానిది దానికి."

మిషన్ కూడా సరేనంది. బచ్చప్ప ఒకే ధారగా, మధ్యలో ఆపకుండా పోశాడు. సాయంత్రానికి సాకెట్ చల్లారింది.

మర్నాడు పొద్దున రక్షిత వచ్చేసరికి బచ్చప్ప తాడుకు నల్ల గ్రీజు పూస్తున్నాడు. ఇరవై మీటర్లు అయిపోయింది.

"అయ్యో, ఏం చేస్తుండావు పెద్దనాయనా! మేము నీళ్లలో నూనె ఎంతుందో చూసేవాళ్లం. ఈ తాడు దించితే మా సీసాలన్నీ నీ గ్రీజే!"

బచ్చప్ప గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. గనిలో గ్రీజు లేని తాడు అంటే నేరం. ఇరవై రెండేళ్ల చెయ్యి అడగకుండానే పని చేసేసింది.

పురుషోత్తమ్ ఫారం మడిచి జేబులో పెట్టాడు. "అందుకేనండీ సర్టిఫికెట్ అడిగేది. ఈ పని తెలిసినవాడైతే ఇలా చేయడు. తాడు లారీలో వేయించేస్తాను. ఈ ఏడాది వద్దు."

రక్షిత కళ్లలో నీళ్లు తిరిగాయి. బచ్చప్ప లేచి నిలబడ్డాడు.

"గ్రీజు పూసింది తప్పే. నేనే చేసినా, నేనే కడుగుతా. సాకెట్‌లో తప్పుంటే చూపించు, ఇప్పుడే కోసి పారేస్తా. చూపించలేవంటే తాడు మీద చెయ్యి వెయ్యొద్దు."

"పెద్ద మొగోడు, సముద్రానికి గ్రీజు పూసినాడు," అంటూ హనుమక్క సబ్బునీళ్లు కాచింది.

పురుషోత్తమ్ సాకెట్‌ను తిప్పి తిప్పి చూసి, తప్పు కనబడక లారీని ఆపాడు. మధ్యాహ్నం దాకా మిగిలిన ముగ్గురూ కూర్చుని ఆ ఇరవై మీటర్లూ బ్రష్షులతో తోమారు. బచ్చప్ప వేళ్ల చర్మం లేచిపోయింది. రక్షిత తెల్లగుడ్డతో తుడిచి చూసి, నల్లగా వచ్చిన చోటల్లా మళ్లీ తోమించింది. నాలుగోసారి గుడ్డ తెల్లగానే వచ్చింది.

చట్రం నీళ్లతో నిండితే నాలుగువందల కిలోలు. దానికి రెండున్నర రెట్లు బరువు ఎత్తి చూపిస్తానన్నాడు బచ్చప్ప. బేతమంగళం దారిలో ఒక రాతి క్వారీ ఉంది. అక్కడి క్రేన్ నడిపే ఆనంద్ తెలిసినవాడే. క్రేన్ పుల్లీ మీద తాడు చుట్లు వేసి క్లాంపులు బిగించి, సాకెట్‌కు టన్ను బరువున్న గ్రానైట్ దిమ్మెను కట్టారు. పురుషోత్తమ్ అందరినీ దూరంగా నిలబెట్టాడు. అతని మొహంలో ఇంకా నమ్మకం లేదు. దిమ్మె జానెడు లేచి, పది నిమిషాలు అలాగే నిలిచింది. తాడు జారితే తెలియాలని సాకెట్ నోటి దగ్గర గీసిన సున్నం గీత కదలలేదు.

"సరేనండీ, దించెయ్యండి," అన్నాడు పురుషోత్తమ్.

దిమ్మె నేలను తాకింది. బచ్చప్ప చెప్పులు విడిచి దాని మీదికి ఎక్కాడు.

"ఏయ్, ఏం చేస్తున్నారు! దిగండి! ఇది నియమాలకు విరుద్ధం!"

"నీ నియమం నీకుండాది. నాది నాకుండాది. పోసినవాడే మొదట ఎక్కాల. నలభై మూడుసార్లు ఎక్కినా, ఇది నలభై నాలుగు. ఆనందా, ఎత్తురా."

ఆనంద్ ఇంజనీరు వైపు చూశాడు, బచ్చప్ప వైపు చూశాడు. అతని తండ్రి కూడా గనివాడే. బచ్చప్ప మొదట దిగి వచ్చిన కేజ్‌లోనే ఆ తండ్రి రోజూ దిగేవాడు. ఆనంద్ లివర్ లాగాడు.

అరవై ఆరేళ్ల మనిషి ఇరవై అడుగుల ఎత్తున, ఒక చెయ్యి తాడు మీద వేసి నిలబడ్డాడు. లుంగీ గాలికి కొట్టుకుంటోంది. "దిగిరా ముసలోడా, అన్నం చల్లారిపోతాది!" అని కింద నుంచి హనుమక్క అరిచింది. అరుస్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బచ్చప్ప కిందికి వచ్చాక పురుషోత్తమ్ వంగి సున్నం గీతను ఇంకోసారి చూశాడు. జేబులోంచి ఫారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అర్హత అనే గడిని ఖాళీగా వదిలేసి, పరీక్షించిన పద్ధతి అనే గడి దగ్గర ఆగాడు.

"ఇక్కడ ఏం రాయమంటారండీ? టన్ను ఎత్తినట్టు రాశాను."

"దాని కింద రాయి. పోసినవాడు ఎక్కినాడు, దిగినాడు అని."

పురుషోత్తమ్ అలాగే రాశాడు. బచ్చప్ప కన్నడంలో సంతకం పెట్టాడు.

పడవ బయల్దేరింది. పది రోజుల్లో చట్రం పంతొమ్మిదిసార్లు దిగింది, పంతొమ్మిదిసార్లూ వచ్చింది. సీసాల్లో గ్రీజు లేదని రక్షిత ఫోన్ చేసి చెప్పింది.

"అది సరే, అక్టోబరు జ్ఞాపకం పెట్టుకో అమ్మా," అన్నాడు బచ్చప్ప. "ఆరు నెలలకు తాడు నా దగ్గరికి తీసుకొనిరా, ఆరడుగులు కోసి మళ్లీ పోస్తా. మీ ఇంజనీరు అడుగు చాలంటాడు, వినొద్దు."

గుమ్మం పక్క గోడకు అప్పుడే ఒక కొత్త మేకు కొట్టి ఉంచాడు.