ఎడమ నుంచి నాలుగో మనిషి

ముప్పై ఏళ్ళు పేపరు డెస్కులో పనిచేసిన మనిషి నలుగుర్ని లెక్కపెట్టలేకపోతే ఏమవుతుందో, పోయిన ఆదివారం తెనాలి కాలేజీ గ్రౌండులో అందరూ చూశారు. ఆ మనిషి నేనే.

మా క్లబ్బు ఆడపిల్లల హాకీ జట్టు పెడుతోంది. కోచ్‌గానూ, పిల్లల్ని వెతికే స్కౌట్‌గానూ కరీముల్లా గారిని పెట్టుకుందామన్నాను. తెనాలి మనిషే. పదిహేనేళ్ళు హాకీయే వృత్తిగా దేశమంతా ఆడొచ్చారు. మా ప్రెసిడెంటు, రైసుమిల్లు సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. "డిగ్రీ ఉన్న పీఈటీ మాస్టారు దొరుకుతాడు కదండీ! సరే, ఆదివారానికి ఒక్క పిల్లని చూపించమనండి. నచ్చితే ఆర్డరు ఇద్దాం."

నేనూ కరీముల్లా గారూ రేపల్లె వైపు రెండు రోజులు తిరిగాం. అడవులదీవి దాకా వెళ్ళాం. ఆయన ఆటలు చూడరు, జనం పనిచేస్తుంటే చూస్తారు! మూడో రోజు బాపట్ల దిగి పిట్టలవానిపాలెం వెళ్ళాం. ఒక మళ్ళో పదకొండు మంది ఆడవాళ్ళు వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తున్నారు. వాళ్ళ వెనక గట్టు మీద ఆయన పావుగంట కూర్చుని అన్నారు: "ఎడమ నుంచి నాలుగో మనిషి. నడుం ఎత్తకుండానే పక్కకి ఎలా జరుగుతోందో చూడండి. పేరు రాసుకు రండి సార్. మోకాలు బాగాలేదు, నేను మెల్లగా వెళ్ళి బస్సు ఆపుతాను."

ఆడవాళ్ళని వెనక నుంచి పిలవడం మర్యాద కాదు కదా! గట్టు చుట్టూ తిరిగి వాళ్ళకి ఎదురుగా వెళ్ళాను. ఎడమ నుంచి శ్రద్ధగా లెక్కపెట్టి పిలిచాను. నాలుగో మనిషి నడుం ఎత్తింది. యాభై దాటిన వెంకాయమ్మ, ఆ ముఠాకి పెద్ద!

అనుమానం వచ్చింది. కానీ అంత ఆడినాయన చూపులో ఏముందో నాకేం తెలుసు?

"మా కోచ్ గారు మీ నడుం చూసి ఎంపిక చేశారమ్మా" అన్నాను.

మడంతా గొల్లున నవ్వింది. "ఎవరే ఆయన, ఈ వయసులో నా నడుం చూసినాయన?" అంది వెంకాయమ్మ. ఆట సంగతి చెప్పాను. "ఒక్కదాన్నే రాను బాబాయ్ గారూ. వస్తే ముఠా అంతా వస్తాం."

ఆదివారం రెండు ఆటోల్లో దిగారు. కరీముల్లా గారు నా కాగితంలో పేరు పిలిచి, ముందుకొచ్చిన వెంకాయమ్మని చూసి, "ఈవిడెవరు సార్?" అన్నారు మెల్లగా. అప్పుడు వెలిగింది నాకు! ఫొటో కింద పేర్లు రాసేవాణ్ణి, ఎప్పుడూ ముఖాలకి ఎదురుగా నిలబడే లెక్క. ఆయన లెక్క వెనక నుంచి!

సుబ్బారావు గారు ఎగాదిగా చూశారు. "ఏంటండి ఇది? పిల్లని తెమ్మంటే కూలీల ముఠాని తెచ్చారు! పీఈటీకే కబురు పెడదాం."

"తప్పు నాదండి" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కరీముల్లా గారి ఉద్యోగం నా చేతుల మీదుగా పోతోంది.

ఆయన మాత్రం తొణకలేదు. "అమ్మా, మళ్ళో ఎలా నిలబడతారో అలాగే నిలబడండి" అన్నారు. ముఠాలో ఎవరి చోటు వారిదే, మారదు. వెంకాయమ్మ కేకేసింది: "మీమీ చోట్లలోకి రండే!" పదకొండు మందీ వరసగా వంగారు. ఆయన వెనక్కి వెళ్ళి నాలుగో మనిషి దగ్గర ఆగారు. నాగమణి, పదిహేడేళ్ళది.

స్టిక్కు చేతికిచ్చి, ఎడమచెయ్యి కాస్త పైకి జరిపారు. అంతే, ఇంకేం చెప్పలేదు. బంతులు దొర్లించారు. మొదటి రెండూ పోయాయి. మూడోది కర్రకి తగిలి ఎగిరింది. నాలుగో బంతి నుంచి ఒక్కటీ దాటలేదు! ఎటు కొట్టినా ఆ పిల్ల నడుం ఎత్తకుండా జరిగి ఆపేస్తోంది. పావుగంటలో, అదీ వెనక నుంచి, ఆయన చూసింది ఇదన్నమాట!

"అట్టాగే ఆపవే నాగమణీ!" అని ముఠా అరుపులు. సుబ్బారావు గారు కుర్చీలోంచి లేచారు. ఇంకో పది బంతులు చూశారు. "ఆర్డరు కాగితం ఇటివ్వండి" అని అక్కడే సంతకం పెట్టేశారు.

నేను పొంగిపోయి, "ఇక వేటపాలెం వైపు వెళ్దామా?" అని కరీముల్లా గారిని అడిగాను.

"వెళ్దాం సార్. ఈసారి మోకాలు పోయినా సరే, మళ్ళోకి నేనే దిగుతాను. మీరు గట్టు మీద కూర్చోండి."

"ఊరికే కూర్చోవాలా?"

"నా చెప్పులు చూస్తుండండి" అన్నారు. తర్వాత, కొంచెం ఆగి, "రెండే ఉంటాయి" అన్నారు.